రోకలి పట్టిన చెయ్యి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడాలి, మీ రంగం గురించి చెప్పండి" అన్నారు. నా రంగం గురించి చెబితే మీరు నిద్రపోతారండీ అన్నాను. "భోజనాల ముందు మీ ప్రసంగం. ఆకలి మీద ఎవరూ నిద్రపోరు" అన్నారు. అందుకని భోజనం గురించే మాట్లాడతాను.

నేను మెకానికల్ ఇంజనీర్ని. బెజవాడ ఆటోనగర్‌లో నాకొక షెడ్డు ఉంది. హోటళ్లకు, క్యాటరింగ్ వాళ్లకు, మిఠాయి కొట్లకు కావలసిన సామాను తయారుచేస్తాం. ఇడ్లీ స్టీమర్లు, ఆవిరి బాయిలర్లు, పిండి రుబ్బే మిషన్లు, పెద్ద పెద్ద మూకుళ్ల కింద పెట్టే బర్నర్లు. మీలో ఎవరైనా కల్యాణమండపంలో ఆవిరి మీద వండిన అన్నం తిని ఉంటే ఆ బాయిలర్ మా షెడ్డులోది అయినా అయుండొచ్చు. అన్నం పువ్వులా ఉంటే వంటమాస్టారి గొప్ప. పలుకుగా ఉంటే బాయిలర్ తప్పు. ముప్ఫై ఏళ్లుగా ఇదే న్యాయం. అలవాటైపోయింది.

అక్టోబరు 20వ తేదీని ప్రపంచమంతా షెఫ్‌ల దినోత్సవంగా జరుపుకుంటారు. బిల్ గల్లగర్ అనే షెఫ్ 2004లో మొదలుపెట్టిన సంప్రదాయం ఇది. కిందటేడు ఆ రోజుల్లోనే బెజవాడలో ఒక హోటల్ హాల్లో మన ప్రాంతపు వంటల మీద రెండు రోజుల సదస్సు పెట్టుకున్నారు. పెద్ద హోటళ్ల షెఫ్‌లు, క్యాటరింగ్ చేసేవాళ్లు, హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలు, సరుకు పండించే రైతులు, పచ్చళ్లు, మిఠాయిలు చేసేవాళ్లు అందరూ వచ్చారు. ఇలాంటివి ఈమధ్య పెరుగుతున్నాయి. 2023 డిసెంబరులో తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కృష్ణవేణి సంగీత నీరాజనం జరిగినప్పుడు కూడా పాటతో పాటు మన వంటలకూ, మన చేనేతకూ చోటిచ్చారు. సంతోషం. మా సదస్సులో నన్ను "వంటలో యంత్రాల పాత్ర" అనే అంశం మీద మాట్లాడమన్నారు.

ఆ హాలు మీ కళ్లకు కట్టాలి. ముందు వేదిక. దాని మీద తెల్లకోట్లు, పొడుగు టోపీలు. మధ్యలో కుర్చీలు. వెనకాల గోడ పొడుగునా బల్లలు. ఆ బల్లల మీద దుగ్గిరాల పసుపు, కొల్లిపర అరటి, నాగాయలంక ఎండురొయ్యలు, నూజివీడు మామిడి తాండ్ర, బందరు లడ్డు, బందరు హల్వా, గోదావరి అవతలి నుంచి వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు. ఒక మూల మట్టికుండలో ఉలవచారు, పక్కన గిన్నెలో మీగడ. ఆ మూల దగ్గర జనం ఎప్పుడూ తగ్గలేదు.

వేదిక మీద ఒక కుర్రాడు గోంగూరతో ఐస్‌క్రీం చేశాడు. నవ్వుకుంటూ నోట్లో పెట్టుకున్నాను. నిజం చెప్పాలి, బాగుంది. పులుపు, తీపి, ఆఖర్న చిన్న కారం. మా అమ్మ చూస్తే "గోంగూరకి ఈ గతి పట్టిందా" అనేది. కానీ రెండో చెంచా కూడా తినేది.

మొదటిరోజు చర్చలో ఒక షెఫ్ మన రైతు నొకాయన్ని అడిగాడు. "మీ సంప్రదాయ బియ్యం ఏది? తరతరాలుగా మీరు పండించేది?" అని. ఆ రైతు కాసేపు ఆలోచించి, "నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి బీపీటీయే సార్" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204 సాంబ మసూరి వచ్చింది 1986లో. అంటే మేం పదో తరగతి పాసైన మరుసటి ఏడు. మార్టేరు నుంచి స్వర్ణ వచ్చింది 1982లో. అంతకు ముందు మన ఇళ్లలో అక్కుళ్లు తిన్నారు. ఇవాళ అక్కుళ్ల అన్నం రుచి గుర్తున్నవాళ్లు ఈ హాల్లో ముందు రెండు వరసల్లోనే ఉంటారు. నలభై ఏళ్లలో ఒక వంగడం మనకు సంప్రదాయం అయిపోయింది. సంప్రదాయం మనం అనుకున్నంత ముసలిది కాదు. అలాగని తక్కువదీ కాదు.

మన సోషల్ మాష్టారు ఎనిమిదో తరగతిలో మమ్మల్ని బస్సులో ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లారు. పెద్దలందరికీ గుర్తుండే ఉంటుంది, పులిహోర పొట్లాల యాత్ర. అక్కడ రెయిలింగ్ పట్టుకుని మాష్టారు చెప్పారు: "కాటన్ దొర పథకం వేశాడు, కెప్టెన్ ఆర్ కట్టించాడు. 1852లో మొదలెట్టి 1855కి ఆనకట్ట పూర్తి చేశారు. అది 1952లో గండి పడితే, దీన్ని కట్టారు. 1957 డిసెంబరులో ప్రారంభించారు. ఆ ఏడే ప్రకాశం పంతులుగారు పోయారు, ఆయన పేరు పెట్టారు." తరవాత చెయ్యి చాపి, "అదిగో, ఆ కాలువే మన బడి వెనకనించి పోయేది" అన్నారు. నేను ఇంజనీరు కావాలని అనుకున్నది ఆ క్షణంలోనే అని చెబితే బాగుంటుంది గానీ, అప్పుడు నా ధ్యాసంతా పులిహోర మీదే ఉంది.

కానీ ఆ మాట లోపల ఉండిపోయింది. కాలువ ఎటు పోతే అటు వరి పోయింది. వరి కోతకు వచ్చేముందు, ఆ తడి ఆరకముందే, నిలబడ్డ చేలోనే మినుములు చల్లారు. కోత అయ్యాక ఇంకో నీటి చుక్క లేకుండా, మంచుకీ మిగిలిన తేమకీ ఆ మినుము పండింది. ఆ మినుము నుంచి ఇడ్లీ, గారె, సున్నుండ. బెజవాడ గాంధీనగరంలో బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసుకుని తినేవాళ్లకు తెలుసో తెలియదో గానీ, మన ప్లేటులోని ఇడ్లీకి మూలం మాగాణిలో రెండో పంట. గుంటూరు పక్కన లాం ఫారంలో శాస్త్రవేత్తలు ఒకదాని తర్వాత ఒకటి మినుము వంగడాలు తీశారు. వాటి పేర్లలో ఎల్‌బీజీ అని ఉండేది అందుకే. పల్లాకు తెగులు వచ్చి మినుము దెబ్బతిన్నచోట రైతులు మొక్కజొన్నకు మళ్లారు. సదస్సులో ఒక మహిళా రైతు లేచి అడిగింది: "మీరు మినప వంటల పండగ చేస్తున్నారు. మాకు మినుము పోతోంది. ఈ రెండూ కలిపి ఎవరైనా మాట్లాడతారా?" సమాధానం ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్న ఒక్కటి చాలు ఆ రెండు రోజులకీ.

ఉలవచారు సంగతి చూడండి. ఉలవలు ఉడకబెట్టింది మనుషుల కోసం కాదు, ఎడ్ల కోసం. దుక్కిటెడ్లకు బలం కావాలని గుగ్గిళ్లు పెట్టేవాళ్లు. ఆ ఉడికిన నీళ్లు పారబొయ్యడం ఎందుకని ఇల్లాలు చారు కాచింది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాయి. చారు మిగిలింది. ఇప్పుడు హోటళ్లలో చారు కోసం ఉలవలు ఉడకబెడుతున్నారు, ఉలవచారు బిర్యానీ అని కూడా పెడుతున్నారు. ఇంజనీరింగు భాషలో దీన్ని ఉపఉత్పత్తి అంటాం. ఉపఉత్పత్తి అసలు ఉత్పత్తి అయి కూర్చోవడం మా ఫ్యాక్టరీలలో అరుదు. వంటింట్లో జరిగింది.

ఇంకోటి. మనది, మనది అని గుండెల మీద చెయ్యి వేసుకునేవి కూడా ఎక్కణ్ణుంచో వచ్చినవే. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద ఈ దేశానికి వచ్చింది. అంతకు ముందు ఆవకాయలో కారం లేదు. ఇప్పుడు మిరపకాయ లేని గుంటూరుని ఊహించగలమా? బందరుకి 1605లో డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. ఉత్తరాది నుంచి వచ్చి బందరులో స్థిరపడ్డ బొందిలీలు లడ్డు విద్య తెచ్చారని అక్కడివాళ్లే చెప్పుకుంటారు. వచ్చినవాళ్లు తెచ్చారు. ఉన్నవాళ్లు చేతుల్లోకి తీసుకున్నారు. మూడు తరాలు అదే పని చేస్తే అది ఊరి పేరైంది.

ఊరి పేరుకి ఇప్పుడు చట్టం కూడా ఉంది. భౌగోళిక సూచికల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మొట్టమొదట గుర్తింపు పొందింది డార్జిలింగ్ టీ. మనవైపు తిరుపతి లడ్డుకి 2009లో, బందరు లడ్డుకీ బంగినపల్లి మామిడికీ 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చింది. నాలాంటి వాడికి సంతోషం కలిగించే సంగతి ఇంకోటి ఉంది. తినే వస్తువులకే కాదు, కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి కూడా ఈ గుర్తింపు ఉంది. యంత్రానికి కూడా ఊరి పేరు! నేను దాన్ని గురించి సదస్సులో గర్వంగా చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది మంచి ప్రసంగమే. కానీ అక్కడ నేను చెప్పని మాట ఒకటి ఉంది. అది ఈ బడిలో చెప్పాల్సిన మాట. అందుకే ఒప్పుకుని వచ్చాను.

బందరు లడ్డు ఎలా చేస్తారో చాలామందికి తెలుసు. తెలియని పిల్లల కోసం చెబుతాను. శనగపిండి కలిపి పూసలాగా నేతిలో వేయిస్తారు. దాన్ని రోట్లో దంచి, జల్లించి మెత్తటి పొడి చేస్తారు. పాకం పట్టి అందులో కలిపి, నెయ్యి పోసుకుంటూ మళ్లీ దంచుతారు. ఆ రెండో దంపుడే ప్రాణం. తొక్కుడు లడ్డు అనే పేరు అందుకే వచ్చింది. నోట్లో పెడితే పంటికి పని లేకుండా కరగాలి. అలా కరగాలంటే గంటల తరబడి రోకలి పడాలి. రోకలి పట్టినవాడికి నలభై ఏళ్లకే భుజం పోతుంది.

పదమూడేళ్ల క్రితం బందరు నుంచి ఒక మిఠాయి వ్యాపారి మా షెడ్డుకి వచ్చాడు. నలుగురు మనుషులు దంచుతున్నారు, వాళ్లు దొరకడం కష్టంగా ఉంది, మిషను చెయ్యగలవా అన్నాడు. చెయ్యగలను అన్నాను. ఎలాగో చెప్పకముందే ఎప్పటికిస్తానో చెప్పాను. అది నా మొదటి తప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె, రెండు రోకళ్లు, రెండు హార్స్‌పవర్ మోటారు. జనవరిలో షెడ్డులో పది కిలోలు దంచి చూపించాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన సంతోషించాడు. ఇంకా సంతోషపెడదామని వేగం పెంచాను. నిమిషానికి అరవై దెబ్బలు ఉన్నదాన్ని తొంభై చేశాను. అది రెండో తప్పు.

దసరా ముందు మిషను బందరులో బిగించాం. జనవరి చలి వేరు, బందరు సముద్రపు గాలిలో దసరా ఉక్క వేరు. ఆపకుండా మూడు గంటలు నడిచేసరికి గిన్నె వేడెక్కింది. పిండిలోంచి నెయ్యి తేరి పైకి వచ్చింది. చుట్టిన ఉండ జిడ్డోడింది. మర్నాటికి పాకం పలుకు కట్టి, లడ్డు విరిస్తే ఇసకలాగా రాలింది. పండగ ఆర్డర్లు పోయాయి. ఆయన నా మీద కేకలేశాడు. వెయ్యాల్సిందే.

కేకలు వినడానికి వెళ్లినప్పుడు, ఆ కార్ఖానా గుమ్మం దగ్గర ఒకడు నిలబడి ఉన్నాడు. జీతం లెక్క చూసుకోవడానికి వచ్చాడు. మిషను బిగించిన వారంలో నలుగురిలో ఇద్దర్ని మానిపించారు. ఆ ఇద్దరిలో ఒకడు. నన్ను చూసి, "ఒరేయ్, నీ మిషనా ఇది?" అన్నాడు.

తొమ్మిదో తరగతిలో నా వెనక బెంచీలో కూర్చున్నవాడు. లెక్కల్లో నాకు మార్కులు ఎక్కువ, కబడ్డీలో వాడికి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టలేక ఆగిపోయాడని తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. లోపలికి వచ్చి గిన్నె బయటివైపు అరచెయ్యి ఆనించాడు. "కాలుతోందిరా. పిండికి చెమట పడుతోంది. కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వాలి" అన్నాడు. థర్మామీటరు పెట్టి నేను తెలుసుకోవలసినదాన్ని వాడు అరచేత్తో చెప్పాడు.

మిషను వెనక్కి తెచ్చుకున్నాను. రెండు వాయిదాల్లో వ్యాపారికి డబ్బు తిరిగిచ్చాను. మనవాణ్ని మళ్లీ పనిలోకి పిలిచేసరికి వాడు హైదరాబాదు వెళ్లిపోయాడు, ఏదో స్వీట్ షాపులో చేరాడు. డబ్బు తిరిగివ్వగలిగాను గానీ పని తిరిగివ్వలేకపోయాను. ఊరొదిలి రెండేళ్లు ఉన్నాడు. ఇంటి దగ్గర తల్లి మంచంలో ఉంది ఆ రెండేళ్లూ.

వాడు తిరిగొచ్చాడని తెలిసి బందరు వెళ్లాను. క్షమించమని అడగడానికి వెళ్లాననుకుంటున్నారేమో. కాదు. నాకు ఇంకా ఆ మిషను మీదే మనసు. "నువ్వు నేర్పితే సరిగ్గా చేస్తాన్రా" అన్నాను. వాడు నవ్వి, "మొదట నన్ను అడిగి ఉంటే మొదటే సరిగ్గా వచ్చేది కదరా" అన్నాడు. ఆదివారం షెడ్డుకి వచ్చాడు. రోలు, రోకలి తెప్పించాను. వాడు దంచుతుంటే గడియారం పట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి ముప్ఫై దెబ్బలు దాటలేదు. ప్రతి నాలుగైదు దెబ్బలకీ ఆగి, అంచున ఉన్న పిండిని ఎడం చేత్తో మధ్యకి తోస్తున్నాడు. ఆ తొయ్యడంలో పిండి తిరగబడుతుంది, చల్లబడుతుంది. నేను దెబ్బని చూశాను, తొయ్యడాన్ని చూడలేదు. "ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. "రోకలి చప్పుడు మారుతుంది. ముందు టక్కు టక్కు మంటుంది, తర్వాత మెత్తగా పడుతుంది. పిండి మీద మెరుపు వస్తుంది. ఆ మెరుపు రాగానే ఆపాలి. ఇంకో పది దెబ్బలు వేస్తే నెయ్యి బయటికొస్తుంది" అన్నాడు.

ఆరు ఆదివారాలు వచ్చాడు. ఆ తర్వాత చేసిన మిషను ఇది: వేయించిన పూసని పొడి చెయ్యడం, జల్లించడం యంత్రానికి. పాకం కలిపాక సగం దంపుడు కూడా యంత్రానికే, కానీ నిమిషానికి ముప్ఫై దెబ్బలు, గిన్నె తిరుగుతూ అంచుని మధ్యకి తోస్తుంది. ఆఖరి దంపుడు మనిషికి. భుజం బతుకుతుంది, చెయ్యి పోదు. ఇప్పుడు ఈ మిషన్లు నాలుగైదు చోట్ల నడుస్తున్నాయి. అందులో ఒకటి మనవాడి ఇంటి వసారాలో ఉంది. ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు. నెలనెలా వాయిదా కట్టాడు, ఆఖరి వాయిదాతో పాటు కిలో లడ్డు పంపాడు.

ఇప్పుడు ఆ సదస్సుకి మళ్లీ వస్తాను. రెండో రోజు నా వంతు వచ్చింది. ఈ మిషను బొమ్మలు తెర మీద చూపించాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదివే ఒక అమ్మాయి లేచి, "సార్, ఆఖరి దంపుడు మనిషికి వదిలెయ్యాలన్న ఆలోచన మీకెలా వచ్చింది?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. నేను మైకు పట్టుకుని ఒక్క మాట అన్నాను: "అనుభవం అమ్మా."

హాలు వెనకాల గోడ పక్కన, బందరు లడ్డు బల్ల దగ్గర, వాడు ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

వేదిక మీదున్న మా అందరికీ శాలువాలు కప్పారు. వెనక బల్లల దగ్గరున్న వాళ్లకు సర్టిఫికెట్లు తర్వాత పంపిస్తామన్నారు. కిందికి దిగాక వాడు ఎదురొచ్చి, "బాగా మాట్లాడావురా, ఇంగ్లీషు మాటలు కూడా బాగా పడ్డాయి" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. అది ఎగతాళి అయినా కొంచెం తేలిగ్గా ఉండేది. ఆ రోజు నుంచీ ఆ "అనుభవం" అన్న మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. అనుభవం నాది కాదు, వాడిది. నాది డ్రాయింగు. ఈ సంగతి మూడు నెలల ముందు ఆ హాల్లో చెప్పాల్సింది. చెప్పలేదు కాబట్టి ఇక్కడ, మా ఇద్దరికీ అక్షరాలు నేర్పిన చోట చెబుతున్నాను. వాడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పి లేవమనను. లేవడు కూడా, వాడి సంగతి నాకు తెలుసు.

మన వంటల గురించి సభలు జరగాలి. షెఫ్‌ల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్లది తక్కువ కష్టం కాదు. పొయ్యి ముందు పద్నాలుగు గంటలు నిలబడేవాళ్లను రోజూ చూస్తాను. నేను అడిగేది ఒక్కటే: వేదికకీ వెనక గోడకీ మధ్య దూరం కొంచెం తగ్గించాలి. ఎవరో వచ్చి తగ్గించరు. అందుకని మన సంఘం ముందు మూడు చిన్న పనులు పెడుతున్నాను. పెద్ద తీర్మానాలు కావు.

మొదటిది. భౌగోళిక సూచిక చట్టంలో ఒక ఏర్పాటు ఉంది. ఊరి పేరు ఒక సంఘం పేరున నమోదైనా, ఆ వస్తువుని నిజంగా తయారుచేసే ప్రతివాడూ అధీకృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకోవచ్చు. అప్పుడు ఆ పేరు వాడుకునే హక్కు చట్టప్రకారం అతనికీ ఉంటుంది. ఇంటి వసారాలో లడ్డు చేసుకునేవాడికి ఈ దరఖాస్తు నింపడం చేతకాదు. మన సంఘంలో వకీళ్లున్నారు, ఆడిటర్లున్నారు, రిటైరైన తహసీల్దార్లున్నారు. నెలకో ఆదివారం రెండు గంటలు కూర్చుని, మన చుట్టుపక్కల వాళ్లకు ఆ కాగితాలు, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాగితాలు నింపిపెట్టండి. ప్రయాణాలు, ఫీజులు నేను చూసుకుంటాను.

రెండోది మన బడి పిల్లలకు. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో ఒక వంటకం అడిగి రాసుకోండి. కానీ "తగినంత ఉప్పు" అని రాయొద్దు. పక్కన కూర్చుని, ఆవిడ చేత్తో వేసినదాన్ని గిన్నెలో పట్టి తూచండి. ఎంతసేపు, ఎంత మంట, ఏ రంగు వచ్చాక దించారు, ఏ చప్పుడు వచ్చాక ఆపారు. మా అమ్మ ఉలవచారు కాచేది. ఎలాగమ్మా అంటే, "ఉడికినట్టు వాసన వచ్చినప్పుడు" అనేది. నేను ఇంజనీరునై ఉండీ ఆ వాసన ఎన్ని గంటలకు వస్తుందో రాసుకోలేదు. అమ్మ పోయి ఆరేళ్లయింది. నాకు తెలిసిన హోటళ్లన్నిట్లో ఉలవచారు తిన్నాను. ఏదీ అది కాదు. సైన్సు మాష్టార్లు దీన్ని ప్రాజెక్టుగా పెడితే బాగుంటుంది. రికార్డు పుస్తకాలు నేను కొనిస్తాను.

మూడోది హోటళ్లు, కొట్లు నడిపే మన పూర్వ విద్యార్థులకు. మీ డబ్బా మీద మీ పేరు వేసుకోండి, తప్పులేదు. కింద చిన్న అక్షరాల్లో చేసినవాళ్ల పేరు కూడా వెయ్యండి. ఆ ఒక్క గీతకు అచ్చు ఖర్చు పెరగదు. సినిమా చివర్లో లైట్లు పట్టినవాళ్ల పేర్లు వేస్తారు. లడ్డు చేసినవాడి పేరు వెయ్యడానికి మనకేం బరువు?

ఆఖరి మాట చెప్పి ముగిస్తాను. మనకి మధ్యాహ్నం గంట కొట్టగానే నిద్రగన్నేరు చెట్టు కింద క్యారేజీలు విప్పేవాళ్లం. ఇప్పుడు ఆ చెట్టు లేదు, సైకిల్ స్టాండు ఉంది. మా ఇంట్లో రోజూ పప్పన్నం. వెనక బెంచీ వాడి డబ్బాలో ఆవకాయ కలిపిన అన్నం, అంతే, ఇంకేం ఉండేది కాదు. రోజూ సగం నాకు పెట్టి, నా పప్పన్నం సగం తీసుకునేవాడు. నాకు ఆవకాయ అంటే ఇష్టమని అలా చేస్తున్నాడనుకున్నాను. వాడింట్లో పప్పు వండి చాలా కాలమైందని నాకు తెలియడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. ఎదురుగా ఉన్న మనిషి డబ్బాలో ఏముందో చూడటం నేను ఆ చెట్టు కిందే నేర్చుకుని ఉండాల్సింది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. భోజనశాల గుమ్మం దగ్గర ఇవాళ ఒక నల్లబల్ల పెట్టించారు. నేను అడిగితే కాదనలేదు, ఆయనకు కృతజ్ఞతలు. బియ్యం ఎవరి చేలోవి, కూరలు ఎవరి పాదులోవి, పెరుగు ఏ ఇంటిది, వంట ఎవరిది అని దాని మీద సుద్దతో రాసి ఉంది. డ్రిల్లు మాష్టారి దస్తూరీ, చూడగానే గుర్తుపడతారు. విస్తరిలో ఎడమ చేతివైపు వడ్డించే లడ్డు ఎవరు దంచారో కూడా ఆ బల్ల మీద ఉంది. నేను ఇక్కడ చెప్పని పేరు అక్కడ చదవండి. చదివాకే తినండి.